పింఛన్ వరుసే తొలి గడప కావాలి: కామారెడ్డి, ఎల్లారెడ్డి వృద్ధుల సేవలపై సమీక్ష

కామారెడ్డి జిల్లాలో ఏ పల్లెకు పోయినా నెలకోసారి ఊరి ముసలివాళ్లంతా ఒక్కచోట చేరే రోజు ఉంటుంది. అది పింఛన్ రోజు. పంచాయతీ ఆఫీసు ముందో, బడి గోడ నీడలోనో బ్రాంచి పోస్టుమాస్టర్ మిషన్ పెట్టుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్లు చెప్పులను వరుసలో ఉంచి, గోడకు ఆనుకుని కూలబడతారు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి వేలి గీతలు అరిగిపోయిన ముసలమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ ఆనిస్తుంది. "ఏలు వడ్తలేదవ్వా, ఇంకో ఏలు వెట్టు" అంటాడాయన. మిషన్ ఒప్పుకున్నాక రూ.2,016 లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని ఇంటిదారి పడుతుంది. ఆమెకు చూపు మసకబారిందనీ, బీపీ గోళీలు అయిపోయి చాలా రోజులైందనీ, కొడుకు దుబాయ్‌లో ఉంటే ఇంట్లో ఒక్కతే వండుకు తింటోందనీ ఆ వరుసలో కూర్చున్న అందరికీ తెలుసు. ఆ సంగతి రాసుకుని, ఆమెను ఎక్కడికో ఒకచోటికి చేర్చే బాధ్యత మాత్రం అక్కడ ఎవరికీ లేదు.

ఈ వ్యాసం ఆ ఖాళీ గురించి. వృద్ధులకు మన దగ్గర ఏమీ లేదనడం నిజం కాదు. పింఛన్ ఉంది, దవాఖానా ఉంది, చట్టం ఉంది, హెల్ప్‌లైన్ ఉంది, మహిళా సంఘాలున్నాయి, ఉచిత బస్సు కూడా ఉంది. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పి, వెంట తీసుకెళ్లే మనిషి లేరు. ఇలాంటి మనిషిని ఏర్పాటు చేసుకునే పద్ధతికి ఇంగ్లండ్‌లో సోషల్ ప్రిస్క్రైబింగ్ అని పేరు పెట్టారు. మందు ఒక్కటే తీర్చలేని కష్టంతో దవాఖానాకు వచ్చినవారిని ఆ కష్టానికి పనికొచ్చే ఊరి సాయం దగ్గరికి చేర్చడం దాని పని. నిద్ర పట్టడం లేదని వచ్చిన భర్తపోయిన స్త్రీకి వారానికి రెండుసార్లు పదిమంది కూడే చోటు చూపించడం, మోకాళ్లు పట్టేసిన రైతుకు గోళీలతో పాటు చేతికర్ర, వైకల్య సర్టిఫికెట్ ఇప్పించడం లాంటివి. మధ్యలో నిలబడి ఇదంతా చేసేవారిని లింక్ వర్కర్ అంటారు. వాళ్లు ఇంటికి వెళ్లి కూర్చుని వింటారు, ఏం కావాలో అడుగుతారు, మొదటిసారి వెంట వెళ్తారు, నెల తర్వాత మళ్లీ వచ్చి చూస్తారు. చిరునామా రాసిచ్చి పంపేయడం ఏ ఆఫీసైనా చేస్తుంది. వెంట వెళ్లడం, మళ్లీ వచ్చి చూడడం అన్న రెండు పనుల దగ్గరే ఈ పద్ధతికి విలువ వస్తుంది.

బయట ఏం తేలింది?

తూర్పు లండన్‌లోని బ్రోమ్లీ బై బో కేంద్రం ఈ తరహా పనికి పేరుపడిన తొలి చోట్లలో ఒకటి. 1984లో ఒక చర్చి ఆవరణలో మొదలై, తర్వాత డాక్టర్ల క్లినిక్‌నూ, తోటపనినీ, చదువునూ, అప్పుల సలహానూ ఒకే కప్పు కిందికి తెచ్చింది. 2019 జనవరిలో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ తన దీర్ఘకాలిక ప్రణాళికలో వెయ్యిమందికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామనీ, 2023-24 నాటికి తొమ్మిది లక్షల మందిని ఈ సేవలకు పంపుతామనీ ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని అమలుకు ఒక చేతి పుస్తకం తెచ్చింది. 2025 జూన్‌లో అదే సంస్థ కమిషన్ ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 దాకా ఉంటాయనీ చెప్పింది.

ఇంత ఉత్సాహం వెనక రుజువు ఎంత? నిజాయితీగా చెప్పాలంటే, ఉత్సాహం కంటే రుజువు తక్కువే. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన సమీక్ష పదిహేను మూల్యాంకనాలను చూసి, అవి చిన్నవనీ, పోల్చి చూసే గుంపు లేనివే ఎక్కువనీ తేల్చింది. 2022లో అదే పత్రికలో లింక్ వర్కర్ల మీద వచ్చిన మరో సమీక్షకు గట్టి అధ్యయనాలు ఎనిమిదే దొరికాయి. జీవన నాణ్యత మీదా, మానసిక ఆరోగ్యం మీదా చెప్పుకోదగ్గ ప్రభావం వాటిలో కనబడలేదు. సోమర్‌సెట్‌లోని ఈ పద్ధతిని నడిపిన ఫ్రోమ్ అనే చిన్న పట్టణం కథ మాత్రం తరచూ వినిపిస్తుంది. 2013 నుంచి 2017 దాకా అక్కడివారి ఆస్పత్రి అత్యవసర చేరికలు 14 శాతం తగ్గితే, చుట్టూ ఉన్న కౌంటీలో 28.5 శాతం పెరిగాయి. వినడానికి బాగుంది, కానీ అది ఒక్క ఊరి అనుభవం. ఆ ఊరికి మొదటినుంచీ కలుపుగోలుతనం ఉందేమో, ఆ డాక్టర్లే వేరేమో, ఒక్క ఊరిని చూసి చెప్పలేం.

నాకు ఇంతకంటే దగ్గరగా అనిపించేవి రెండు. ఒకటి జపాన్‌లోని తాకెతోయో. 2007 నుంచి ఆ పట్టణం నడిచి వెళ్లగలిగే దూరంలో వృద్ధుల కూటములు పెట్టింది. నడిపేది ఊరి వాలంటీర్లే. చేసేది పాటలు, చేతిపనులు, టీ, కబుర్లు. ఐదేళ్ల పాటు గమనిస్తే, తరచూ వెళ్లేవారిలో మంచాన పడేవాళ్లు వెళ్లనివారితో పోలిస్తే దాదాపు సగమే అని పరిశోధకులు అంచనా వేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ముందు బయటికి వస్తారన్న అనుమానాన్ని కూడా లెక్కలోకి తీసుకుని కట్టిన అంచనా అది.

రెండోది మన దేశంలోనిదే. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 60 ఏళ్లు దాటినవారిలో, కుంగుబాటు అంచున ఉన్న 181 మందితో జరిగిన ప్రయోగం 2019లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది. డాక్టర్లు కాని, మామూలు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు వాళ్ల ఇళ్లకు వెళ్లారు. సమస్యను ముక్కలు చేసుకుని ఎలా తీర్చుకోవాలో, నిద్రను ఎలా దారిలో పెట్టుకోవాలో, షుగర్ ఉంటే ఎలా చూసుకోవాలో చెప్పారు. దాంతోపాటు ప్రభుత్వ పథకాలు అందేలా సాయపడ్డారు. ఏడాది తర్వాత కుంగుబాటులోకి జారినవాళ్లు ఈ గుంపులో 4.4 శాతమైతే, మామూలు వైద్యమే అందినవారిలో 14.4 శాతం. సోషల్ ప్రిస్క్రైబింగ్ అన్న పేరు ఆ ప్రయోగానికి లేకపోయినా అందులోని పనులు అవే. కామారెడ్డి నుంచి చూసేవాళ్లకు లండన్ కంటే ఈ గోవా లెక్కే ఎక్కువ పనికొస్తుంది. అక్కడి కార్యకర్తల్లాంటి మనుషులు, అక్కడి ఆరోగ్య కేంద్రాల్లాంటి కేంద్రాలు మనకూ ఉన్నాయి.

ఇక్కడున్నది

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడింది. 2011 జనగణనలో ఈ ప్రాంత జనాభా 9.72 లక్షలు. పదిమందిలో ఒకరు వృద్ధులనుకున్నా లక్షకు దగ్గర. కామారెడ్డి హైదరాబాద్-నాగ్‌పూర్ జాతీయ రహదారి మీదా, రైలు దారి మీదా ఉన్న వ్యాపార పట్టణం. ఎల్లారెడ్డి అక్కడికి పడమట, తాడ్వాయి, లింగంపేట దాటి దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో, నిజాంసాగర్ వైపు ఉన్న చిన్న పట్టణం. చుట్టూ పల్లెలు, తండాలు. రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. కానీ ముసలితనం ఈ రెండు చోట్లా ఒకేలా గడవదు. కామారెడ్డిలో పెద్ద దవాఖానా, 2023 సెప్టెంబర్‌లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. రిటైరైన ఉద్యోగులు కూర్చుని మాట్లాడుకునే సంఘాలున్నాయి. ఎల్లారెడ్డి వైపు తండాలో ఉన్న ముసలాయనకు స్పెషలిస్టు డాక్టర్ కావాలంటే ఒక రోజు కూలీ పోగొట్టుకుని వెంట వచ్చే మనిషి కావాలి.

ముందు పింఛన్. 2014 నవంబర్‌లో ఆసరా మొదలైనప్పుడు వృద్ధులకు రూ.1,000 ఇచ్చారు. 2019లో దాన్ని రూ.2,016 చేశారు. 2022లో అర్హత వయసును 65 నుంచి 57కు తగ్గించారు. ఇప్పుడు దాని పేరు చేయూత. ఇందులో కేంద్రం వాటా 80 ఏళ్లలోపు వారికి నెలకు రూ.200, దాటితే రూ.500. అదీ కేంద్రం లెక్కలో పేదలుగా తేలినవారికే. బీడీ కార్మికులకు విడిగా పింఛన్ ఇవ్వడం ఈ ప్రాంతానికి పెద్ద సంగతి. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో తునికాకు చాట ఒళ్లో పెట్టుకోని ఇల్లు తక్కువ. అయితే నిబంధన ప్రకారం కుటుంబానికి ఒక్క వృద్ధాప్య పింఛనే. భర్త పేరు మీద ఉంటే భార్య వరుసలో కనిపించదు. ఆమె ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత తినే మనిషి అయినా సరే, లెక్కలో ఆమె లేదు. పింఛన్ రోజు ఊరి వృద్ధులందరినీ చూపిస్తుందన్న నా మాటకు ఇది మొదటి సవరణ. వరుసలో కూర్చున్నవారిని "ఇంట్లో ఇంకెవరున్నరు తాతా?" అని అడిగితే తప్ప ఆమె బయటపడదు.

దవాఖానా సంగతి మారుతోంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లోనే వచ్చింది. జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, కింది స్థాయిలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ అందులోని మాటలు. పల్లెల్లో ఉపకేంద్రాలు పల్లె దవాఖానాలయ్యాయి. ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ఆశా కార్యకర్తల చేతుల మీదుగా జరుగుతున్నాయి. 2018 ఆగస్టులో మొదలైన కంటి వెలుగు మొదటి విడతలో రాష్ట్రమంతటా కోటిన్నర మందికి పైగా కళ్లు చూపించుకున్నారు. ఆ కార్యక్రమం ఒక సంగతి తేల్చింది. సేవను ఊళ్లోకి, బడి ఆవరణలోకి తెస్తే ముసలివాళ్లు వస్తారు. దూరం, భయం, వెంట వచ్చే మనిషి లేకపోవడం వాళ్లను ఆపుతున్నాయి. 2024 అక్టోబర్ 29 నుంచి 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల వైద్యం ఉంది. కార్డు తీసుకోవడానికి ఆధార్, ఫోన్ కావాలి. ఫోన్‌కు వచ్చే ఓటీపీని చదివి చెప్పే మనిషి కూడా కావాలి. ఆ చివరి మనిషి దొరకకే పథకం చాలామంది గడప దగ్గర ఆగిపోతుంది.

ఇక చట్టం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవోయే ట్రిబ్యునల్. కాబట్టి కామారెడ్డిలోనే కాదు, ఎల్లారెడ్డిలోనూ తలుపు ఉంది. నెలకు రూ.10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. లాయర్ అవసరం లేదు. పెద్దమనిషి రాలేకపోతే ఆయన తరఫున వేరొకరో, స్వచ్ఛంద సంస్థో దరఖాస్తు పెట్టవచ్చు. చూసుకుంటామన్న మాట మీద పొలం రాయించుకుని తర్వాత వదిలేస్తే ఆ రాతను రద్దు చేసే అధికారం 23వ సెక్షన్ ఇస్తుంది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సెక్షన్‌ను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పింది. ఇంత బలమైన చట్టం ఉండి కూడా ముసలివాళ్లు ఆ గడప ఎక్కరు. కొడుకు మీద ఆర్డీవోకు కాగితం ఇస్తే ఊళ్లో తల ఎత్తుకోలేమన్న బాధ ఒకటి, రేపు చస్తే తలకొరివి పెట్టేది వాడే కదా అన్న బాధ ఇంకొకటి. ఇక్కడ కేసు వేయించే మనిషి కంటే ముందు కొడుకును, కోడలిని, ముసలివాళ్లను ఒక అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి అవసరం. చట్టంలో కూడా ముందు రాజీ అధికారి దగ్గరికి పంపే ఏర్పాటు ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

వృద్ధుల కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఈ పని 2021 అక్టోబర్ 1 నుంచి దేశమంతా నడుస్తోంది. ఫోన్ చేస్తే సలహా, పింఛన్ సమాచారం, వేధింపుల్లో సాయం దొరుకుతాయి. మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ కౌన్సెలర్లు మాట్లాడతారు. రెండూ మంచివే. కానీ ఒంటరితనాన్ని ఫోన్ చేసి చెప్పుకునే అలవాటు మన ముసలివాళ్లకు లేదు. "పొద్దు వోతలేదు బిడ్డా" అని ఎదురుగా కూర్చున్నవారితోనే అంటారు. ఆ మాటను దవాఖానాలో డాక్టర్‌కు కాళ్ల నొప్పులనీ, గుండె దడనీ చెబుతారు. 2021 జనవరిలో వెలువడిన, వయసు పైబడినవారి గురించిన లాసీ సర్వేను 2017-18లో 72 వేల మందికి పైగా మనుషులతో చేశారు. దేశంలోని వృద్ధుల్లో నూటికి డెబ్బై ఐదుగురికి ఏదో ఒక దీర్ఘవ్యాధి, నూటికి ఇరవై మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నాయని అందులో తేలింది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉన్నప్పుడు మన ఓపీ వరుసలో మొదటిదే కనిపిస్తుంది.

పొద్దు పోవడం

సేవల జాబితా రాయడం తేలిక. మనుషులు మనుషులకు దూరమైన తీరును రాయడం కష్టం. సోషల్ ప్రిస్క్రైబింగ్‌కు అసలు పని ఉన్నది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగాలి.

బీడీ పనిని తీసుకోండి. తంబాకు ఘాటు, వంగిన మెడ, తక్కువ కూలీ, ఆకులో కోత. ఆ పనిలో మంచి వెతకడం న్యాయం కాదు. కానీ మధ్యాహ్నం వంటలయ్యాక వాడకట్టు ఆడవాళ్లంతా ఒక ఇంటి అరుగు మీద చాటలు పట్టుకుని కూర్చుంటారు. ఒకరు ఆకు కత్తిరిస్తే ఒకరు తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, మూతి ముడుస్తారు. చేతులు ఆగవు, మాటలు ఆగవు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరికి జ్వరం, ఏ ఇంట్లో గొడవ, అన్నీ ఆ అరుగు మీదే తేలతాయి. కళ్లు కనబడక చుట్టడం మానేసిన రోజు ఆమె కూలీ పోతుంది. ఆ అరుగూ పోతుంది. పింఛన్ కూలీకి బదులు వస్తుంది, అరుగుకు బదులు ఏదీ రాదు. మంచి కళ్లద్దాలు ఇప్పించడం, పని లేకపోయినా అదే అరుగు మీద ఆమెకు చోటు ఉండేలా వాడకట్టు ఆడవాళ్లతో మాట్లాడడం లింక్ వర్కర్ చేయగల పని. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

గల్ఫ్ ఇంకో రకం. ఈ జిల్లా నుంచి దుబాయ్, సౌదీ, కువైట్ వెళ్లిన కొడుకులు డబ్బు పంపుతారు, రాత్రి వీడియో కాల్ చేస్తారు. ఇల్లు పక్కాది, లోపల ఇద్దరు ముసలివాళ్లు, కొన్నిచోట్ల మనవలు. బయటివాళ్లకు వీళ్లు కలిగినవాళ్లు. పేదల జాబితాలో ఉండరు, ఏ పథకం వీళ్ల తలుపు తట్టదు. జ్వరం వస్తే దవాఖానాకు తీసుకుపోయే మగమనిషి ఊళ్లో లేడు. సోషల్ ప్రిస్క్రైబింగ్ పేదరికాన్ని మాత్రమే చూస్తే వీళ్లు తప్పిపోతారు.

ముసలి మగవాళ్లకు మిగిలిన కూటమి చాలా ఊళ్లలో కల్లు కాంపౌండే. అక్కడ పలకరింపు ఉంది, కుల భేదం కొంత తక్కువ, ఎవరూ లేవమనరు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. 2025 ఏప్రిల్‌లో బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడిన పెద్దమనిషిని హఠాత్తుగా మానమంటే మెలికలు తిరిగిపోతాడు. అతనికి వైద్యమూ కావాలి, సాయంత్రం పోవడానికి వేరే చోటూ కావాలి. ఒకటిచ్చి రెండోది ఇవ్వకపోతే మళ్లీ అక్కడికే వెళ్తాడు. ఇదే ఊళ్లో మసీదుకు రోజుకు ఐదుసార్లు వెళ్లే ముసలాయన ఒక పూట రాకపోతే పక్కనున్నవాళ్లు అడుగుతారు. శనివారం భజనలో తాళం వేసే తాత రాకపోయినా అడుగుతారు. ఈ అడగడమే లింక్ వర్కర్ అందరికీ పంచిపెట్టాల్సిన విషయం. మసీదు, భజన మందిరం, గ్రంథాలయం, రైతు వేదిక, మహిళా సంఘం ఆఫీసు ఇప్పటికే ఉన్న చోట్లు. ఊరి మ్యాప్ మీద వీటిని గుర్తించుకోవడంతోనే పని సగం మొదలవుతుంది.

ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ఒక పెద్ద వెసులుబాటు వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ల ప్రయాణం ఉచితం. లింగంపేట నుంచి కామారెడ్డి దవాఖానాకు రావడానికి అరవై ఏళ్ల అక్కకు ఇప్పుడు ఆధార్ కార్డు చాలు. ఆమె భర్త టికెట్ కొనాల్సిందే. పథకాన్ని పెట్టినవాళ్లు దీన్ని వృద్ధుల ఆరోగ్యానికి చేసిన ఏర్పాటుగా ఎప్పుడూ చెప్పలేదు. కానీ బస్సు దిగి ఓపీ చీటీ తీసుకునే ముసలి ఆడవాళ్లను చూస్తే ఇది ఆరోగ్య పథకం కూడా అని ఒప్పుకోవాలి. మెట్ల ఎత్తు, రద్దీ మాత్రం ఇంకా వాళ్లను భయపెడుతూనే ఉన్నాయి.

ఎవరు చేయాలి?

పింఛన్ గ్రామీణాభివృద్ధి శాఖది. దవాఖానా ఆరోగ్య శాఖది. ట్రిబ్యునల్ రెవెన్యూ శాఖది. వయోవృద్ధుల సంక్షేమం జిల్లాలో మహిళా, శిశు సంక్షేమంతో కలిసి ఒక అధికారి కింద ఉంది. ఈ నాలుగింటికీ నాలుగు జాబితాలు. ఒక జాబితాలో ఉన్న మనిషి కష్టం ఇంకో జాబితాకు తెలియదు. ఇంగ్లండ్‌లో డాక్టర్ చీటీతో కథ మొదలవడానికి కారణం అక్కడ ప్రతి మనిషికీ ఒక క్లినిక్‌లో పేరు నమోదై ఉండడం. మన పల్లెలో అలాంటి నమోదుకు దగ్గరగా ఉన్నది పింఛన్ జాబితాయే. అందుకే పల్లెల్లో ఈ పని దవాఖానా నుంచి కాకుండా పింఛన్ వరుస నుంచి మొదలవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. కామారెడ్డి పట్టణంలో మాత్రం డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, వరుస ఉండదు. అక్కడ దవాఖానా ఓపీయే గడప కావాలి.

పని ఎవరికి ఇవ్వాలి? మొదట అందరికీ తట్టే పేరు ఆశా కార్యకర్త. ఆమెకు ఇల్లిల్లూ తెలుసు. కానీ గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ, సర్వేలన్నీ ఆమె మీదే ఉన్నాయి. నెలకు రూ.18,000 స్థిర వేతనం అడుగుతూ ఆశాలు పదేపదే రోడ్డెక్కారు. ఆ కోరిక తీర్చకుండా ఇంకో పని నెత్తిన పెట్టడం అన్యాయం. పని కూడా పాడవుతుంది. వైద్య విద్యార్థులు ఇంకో ఆధారం. 2021-22 నుంచి ఎంబీబీఎస్‌లో ప్రతి విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని చదువు మధ్యలో వాళ్ల దగ్గరికి వెళ్లివస్తూ ఉండాలి. కామారెడ్డి కళాశాల విద్యార్థులు వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇళ్లను ముందు ఎంచుకుంటే ఇద్దరికీ లాభం. అయినా విద్యార్థి వెళ్లిపోయే మనిషి. నాలుగేళ్లకు కొత్త ముఖం వస్తుంది.

నా మట్టుకు ఈ పనికి సరైన చోటు మహిళా సంఘాలే. ప్రతి ఊళ్లో గ్రామైక్య సంఘం ఉంది, లెక్కలు రాసే వీవోఏ ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం సంఘ సభ్యుల గరిష్ఠ వయసును 60 నుంచి 65కు పెంచింది. అరవై దాటగానే అప్పు ఎలా తీరుస్తారన్న భయంతో సంఘం నుంచి పక్కకు తప్పుకున్న ఆడవాళ్లు ఎంతోమంది. ఇరవై ఏళ్లు వారం వారం కూడిన గుంపు నుంచి ఒక్కసారిగా బయటికి రావడం చిన్న సంగతి కాదు. అదే గుంపు నుంచి యాభై, అరవై ఏళ్ల మధ్య వయసున్న, నోరు మంచిదై, కాలు చురుకైన ఒక మనిషిని ఎంచి, జీతమిచ్చి, ఈ పని అప్పగించాలి. ఇంగ్లండ్‌లో ఒక లింక్ వర్కర్‌కు ఏడాదికి 200 నుంచి 250 మంది లెక్క. రెండువేల జనాభా ఉన్న పంచాయతీలో వృద్ధులు ఇంచుమించు రెండువందలే. ఒక ఊరికి ఒక మనిషి సరిపోతారు. గాంధారి, లింగంపేట వైపు తండాల్లో ఆ మనిషి లంబాడీ భాష మాట్లాడేవారై ఉండాలి. తెలుగులో అడిగితే తండా ముసలమ్మ తలూపుతుంది, తన భాషలో అడిగితే చెప్పుకుంటుంది. ముసలి మగవాళ్లతో మాట్లాడడానికి ఒక మగ మనిషీ ఉండాలి, రిటైరైన పంతులు గానీ, పాత సుంకరి గానీ. వాలంటీర్ అన్న మాటతో జీతం ఎగ్గొట్టే ఆలోచన మాత్రం వద్దు. ఊరి ఆడవాళ్ల ఓపికను ఉచితంగా వాడుకోవడం మన పథకాలకు చాలాకాలంగా అలవాటైంది.

ఇలాంటి జాబితా ఒకటి ఉంటే ఆపదలోనూ పనికొస్తుంది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి మీద కురిసిన వానకు కాలనీలు మునిగాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా, మంచం మీద ఉన్నారో చెప్పే కాగితం అప్పటికే పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో ఉంటే పడవ ముందు ఆ ఇంటికే వెళ్లేది.

ప్రమాదాలు కూడా చెప్పాలి. పింఛన్‌ను తమ పార్టీ దయగా చూపించే నాయకులున్న ఊళ్లో లింక్ వర్కర్ నియామకం రాజకీయం అయితే, కొందరి ఇళ్లకు ఆమె వెళ్లదు. ఇంటి గుట్టు రాసుకున్న పుస్తకం సర్పంచ్ చేతికి చేరితే మర్నాటి నుంచి ఎవరూ నోరు విప్పరు. కులం అడ్డు వచ్చే చోట దళితవాడ ముసలమ్మను ఊరి భజనకు చేర్చడం చీటీ రాసినంత సులభం కాదు. ఆమెను ఎక్కడికి పంపుతున్నామో ఆ చోటు ఆమెను కూర్చోనిస్తుందా అని ముందు చూసుకోవాలి. ఇంకా, చేర్చడానికి ఏదీ లేని ఊళ్లో చేర్చే మనిషిని పెట్టి లాభం లేదు. కాబట్టి లింక్ వర్కర్ జీతంతో పాటు ఊరికి చిన్న నిధి కావాలి. చాపలు, టీ, ఒక ఫ్యాన్, మందుల షాపు దాకా వెళ్లడానికి ఆటో కిరాయి, ఇంతే.

మొదటి విడతకు కామారెడ్డి పట్టణం కంటే ఎల్లారెడ్డి డివిజన్‌నే ఎంచుకోవాలని నా వాదన. అక్కడ అవసరం ఎక్కువ, ఊళ్లు చిన్నవి, పింఛన్ చాలా ఊళ్లలో ఇంకా పోస్టుమాస్టర్ చేతుల మీదుగానే అందుతోంది, ఆర్డీవో ట్రిబ్యునల్ అందుబాటులో ఉంది. పది ఊళ్లలో మొదలుపెట్టి, అలాంటివే మరో పది ఊళ్లను పక్కన ఉంచి పోల్చాలి. ఇంగ్లండ్ చాలావరకు చేయకుండా వదిలేసిన ఆ పోలిక మనం మొదటి రోజు నుంచే చేయవచ్చు. ఎంతమందిని పంపామన్న లెక్క వద్దు, అది ఎవరైనా నింపగలరు. ఏడాది తర్వాత ఎంతమంది ఇంకా ఆ కూటమికి వస్తున్నారు, బీపీ గోళీలు నెల మధ్యలో ఆగిపోని వాళ్లెందరు, పింఛన్ జాబితాలో లేని ఆడవాళ్లు ఎంతమంది కొత్తగా బయటపడ్డారు, ట్రిబ్యునల్‌కు పోకుండానే ఎన్ని ఇళ్లలో మాట కుదిరింది, పోయినవాళ్లకు తొంభై రోజుల్లో తీర్పు వచ్చిందా అన్నవి లెక్క పెట్టాలి. ఆ లెక్కలు పక్కన ఉంచిన పది ఊళ్ల కంటే మెరుగ్గా వస్తే కామారెడ్డి పట్టణానికీ, బాన్సువాడకూ పని పెంచాలి. రాకపోతే ఏ ఊళ్లో ఎందుకు కుదరలేదో ఆ ఊరి ముసలివాళ్లనే అడిగి, పద్ధతి మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.